రొద ఆగిన పదకొండు నిమిషాలు

రోజు 4,019

వరస లైను పుస్తకంలో సొంత సంగతులు రాయకూడదని నియమం. ఆ నియమం పెట్టింది నేనే కాబట్టి తప్పితే అడిగేవాడు లేడు. వెనక పేజీలు ఖాళీగా ఉన్నాయి, నా బుర్ర నిండిపోయింది. అందుకని రాస్తున్నాను.

పొద్దున్న తనిఖీ: ఏడో వరసలో ముప్ఫై ఆరు ఇళ్ళు, ముప్ఫై ఆరు గాలి ఫ్యాన్లూ తిరుగుతున్నాయి. కొండ బయట ఎండ యాభై నాలుగు డిగ్రీలు. దుమ్ము కాలం పోయేదాకా కొండ తలుపులు తెరవరు. ఇంకా నలభై ఎనిమిది రోజులు.

మా ఆవిడ అసిరమ్మకు ఈ రోజు ముప్ఫై ఒకటో సూది. మొత్తం అరవై. ఆ మందు ఊపిరితిత్తుల్ని కాపాడి చెవుల్ని తినేస్తుందని నర్సమ్మ మొదటి రోజే చెప్పింది. ఎడమ చెవి ఇరవై రెండో సూదికే పోయింది. కుడిది కూడా అరవై పూర్తయ్యేదాకా ఉంటుందన్న నమ్మకం లేదు. మధ్యలో మూడు సూదులు మానితే మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టాలి, అప్పటికి మనిషి ఉండదు. ఇదీ లెక్క.

తలుపులు మూసేముందు వచ్చిన ఆఖరి తపాలా బండి ఒక టేపు తెచ్చింది. తూర్పు కొండ నుంచి, అసిరి వాళ్ళ అక్క పోలమ్మ, వాళ్ళ మాటలో అప్ప, పంపింది. సూర్యుడి తుపానులో చిప్పుల్లో దాచినవన్నీ చెరిగిపోయాక దూరపు మాటలు టేపుల మీదే వస్తున్నాయి. పైగా పోలమ్మకు రాయడం రాదు. పదకొండేళ్ళలో ఆమె దగ్గర్నుంచి వచ్చిన మొదటి మాట ఇది. అసిరి ఏటా ఒక టేపు పంపుతూనే ఉంది, దేనికీ జవాబు లేదు.

కారణం ఉంది. కొండలోకి జనాన్ని తరలించిన రోజున మా ఊరి జాబితా అసిరి చేతిలో ఉండేది. మొదటి బండిలో ముప్ఫై ఆరు కుటుంబాలకే చోటు. సొంతవాళ్ళని ముందు ఎక్కించిందన్న మాట పడకూడదని, అప్పని రెండో బండికి రమ్మంది. రెండో బండి రాలేదు. పోలమ్మ, మొగుడూ, కూతురూ నడిచి తూర్పు కొండకు బయల్దేరారు. పోలమ్మ చేరిందని ఈ టేపుతోనే తెలిసింది, మిగతావాళ్ళ సంగతి ఈ రోజుకీ తెలియదు.

టేపు పెడితే వినిపించేది ఒకే మాట, "అసిరీ" అన్న పిలుపు. ఆ తర్వాత పదకొండు నిమిషాలు గుయ్‌మని రొద. పోలమ్మది మొదట్నుంచీ నెమ్మది గొంతు. ఆ రొద కింద ఏదో చెబుతోంది, ఏమిటన్నది తెలియడం లేదు.

"నన్ను మన్నించిందో నేదో అది తెల్సీదాకా నా సెవి ఉంటే సాలు మావా" అంది అసిరి. "ఆ తరవాత పోతే పోనీ."

నేను లైను మేస్త్రీని. ముప్ఫై ఏళ్ళుగా రొదలు వెతకడమే నా పని. రెండు రోజుల్లో తీసేస్తానని గొప్పలు పోయాను.

రోజు 4,020

టేపు ఆపి, గొంతు పెంచే ఆంప్ ఒక్కటే వేసి ఉంచాను. రొద అలాగే ఉంది. హమ్మయ్య, అంటే పోలమ్మ టేపులోది కాదు, మన దగ్గరే పుడుతోంది. టేపులోనే ఉండుంటే దేవుడు కూడా ఏమీ చేయలేడు.

వాల్యూమ్ సున్నాకి తిప్పితే రొద పోయింది. కాబట్టి స్పీకరుదీ పెద్ద ఆంప్‌దీ తప్పు లేదు. వాల్యూమ్ కంటే ముందు, టేపుని చదివే హెడ్డు వైపు నుంచి వస్తోంది. హెడ్డు నుంచి వచ్చే వైరు మార్చాను. పాత డబ్బా రేకు చుట్టాను. తేడా లేదు.

రోజు 4,022

ట్రాన్స్‌ఫార్మరు టేపు పెట్టె నుంచి బయటికి లాగి మూరెడు దూరంలో పెట్టాను. చిటికెడు తగ్గింది. కెపాసిటర్లు మార్చాను, ఏమీ తగ్గలేదు. ఎర్త్ వైర్లన్నీ ఒక్క బోల్టు దగ్గరికి తెచ్చి బిగించాను. అదీ దండగే.

అసిరి అంబలికి చోళ్ళు కడుగుతూ నన్నే చూస్తోంది. "మావా, ఆ రేడియోకి సీమంతం సేత్తన్నావేటి, అన్ని సుట్టలు సుట్టీసినావు" అంది. నవ్వాను. తనతో మాట్లాడేటప్పుడు నేనిప్పుడు కుడివైపుకు వెళ్ళి నిలబడుతున్నాను. ముప్ఫై నాలుగో సూది.

రోజు 4,024

ఈ రోజు మతి పోయింది. ప్లగ్ పూర్తిగా పీకేసి అంతా బ్యాటరీ మీద నడిపాను. గోడకూ పెట్టెకూ మధ్య ఒక్క తీగ లేదు. రొద ఉంది. కరెంటే లేని పెట్టెలో కరెంటు మోత! పెట్టెని చేత్తో ఎత్తి గదంతా తిరిగాను. వెనక గోడ దగ్గరికి పోతే పెరుగుతోంది, గుమ్మం దగ్గర కాస్త తగ్గుతోంది. ఇన్ని రోజులూ తప్పు లేనిదాన్ని విప్పి విప్పి బిగించానన్నమాట.

పెట్టెని ఒకటో నంబరు ఇంటికి మోసుకెళ్ళాను. వరసకు మెయిన్ కేబుల్ దిగేది అక్కడే, మోత ఇంకా ఘోరం. నడిమి ఇళ్ళలోనూ ఉంది. కొండ తలుపులు మూసి ఉన్నాయి కాబట్టి పెట్టెను బయటికి మోసుకెళ్ళి వినే దారి లేదు.

రోజు 4,025

దొరికింది. దొరక్కపోయినా బాగుండేది.

మా ఇంటి వెనక గోడలో ఎర్త్ పట్టీ దిగుతుంది. దానికి మీటరు తగిలించాను. మంచి లైనులో ఆ పట్టీలో కరెంటు ఉండకూడదు. తొమ్మిది ఆంపియర్లు చూపించింది. అంత కరెంటు గోడలో పారుతుంటే దాని పక్కన ఏ టేపు హెడ్డు పెట్టినా మోగుతుంది.

ప్రతి ఇంటి వెనకా ఒక ఎర్త్ గొయ్యి ఉంటుంది. ఉప్పు, బొగ్గు, మధ్యలో గొట్టం. గొయ్యి తడిగా ఉంటేనే, పాత ఫ్యాన్లలోంచి కారే కరెంటు మనిషి ఒంట్లోంచి కాకుండా మట్టిలోకి దిగుతుంది. నాలుగేళ్ళ కింద నీళ్ళ వాటా తగ్గించారు. అప్పట్నుంచి ముప్ఫై అయిదు ఇళ్ళవాళ్ళూ గొయ్యి తడపడం మానేశారు. అన్నీ తవ్వి చూశాను. పిడకల్లా ఎండిపోయి ఉన్నాయి.

అసిరి ఒక్కతే మానలేదు. చోళ్ళు కడిగిన నీళ్ళు రోజూ గోతిలో పోస్తోంది. ఆ నీళ్ళే కాచుకు తాగే ఇళ్ళున్నాయి ఈ వరసలో. "అమ్మ పోసీది, నాను పోస్తన్నాను" అంటుంది, అంతకు మించి కారణం లేదు. అందువల్ల వరసలో బతికున్న గొయ్యి మాదొక్కటే. ముప్ఫై ఆరు ఇళ్ళ దారితప్పిన కరెంటూ ఇనప పట్టీల వెంట నడిచొచ్చి మా గోడలోంచి దిగుతోంది. వరసలో ఒక్కరికీ షాకు కొట్టకపోవడానికి కారణం అదే, మాకు పోలమ్మ మాట వినబడకపోవడానికీ అదే.

నాలుగేళ్ళుగా ఈ పుస్తకంలో నెలనెలా "గోతులన్నీ తడి ఉన్నవి" అని రాసి సంతకం పెట్టింది ఎవరయ్యా అంటే, నేనే. ఒక్కటీ తవ్వి చూడలేదు. ఇప్పుడు ఒక గొయ్యి మళ్ళీ బతకాలంటే నలభై లీటర్లు పోయాలి. ముప్ఫై అయిదు గోతులకు నీళ్ళెక్కడివి?

రోజు 4,026

పొద్దున్నే కటింగ్ ప్లయరు పట్టుకుని వెనక గోడ దగ్గరికి పోయాను. ఆ పట్టీ బోల్టు విప్పితే చాలు, రొద ఆగిపోతుంది. పదకొండు నిమిషాలు. మళ్ళీ బిగించేస్తాను.

అసిరి వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"ఆ పదకొండు నిమసాల్లో ఎవులైనా ఫ్యాన్ ముట్టుకుంటేనో?"

"పదకొండు నిమిషాలే. ఏం కాదు."

"ఒకపాలి నా సేతిలో జాబితా ఎట్టుకుని ఏటీ కాదులే అనుకున్నాను మావా. సాలు. ఇంకొకర్ని సంపీసి అప్ప మాట ఇనను."

ప్లయరు జేబులో పెట్టుకున్నాను. కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. నీళ్ళు దాచుకున్న వరసంతా హాయిగా ఉంది, నీళ్ళు పోసిన మనిషికి మాత్రం ఈ శిక్ష.

రోజు 4,027

ఇంకో దారి ఉంది. వరసలో అందరూ పదకొండు నిమిషాలు మెయిన్లు ఆపేస్తే కారే కరెంటే ఉండదు, ఎవరికీ ప్రమాదం లేదు. వరస పెద్ద గౌరునాయుడి దగ్గరికి పోయి ఉన్నదున్నట్టు చెప్పాను. గోతుల మీద నా దొంగ సంతకాల సంగతి కూడా.

"అసిరమ్మ నీళ్ళు పోయబట్టి మనం బతికున్నామేటి?" అన్నాడాయన. "ఆపుదుం కూర్మయ్యా. కానీ ఫ్యాన్లాపితే గాలాడదు, ముసిలోల్లున్నారు. సెంబు తిప్పాల. ముప్ఫయ్యారు రాల్లూ పడాల."

చెంబు తిప్పడమంటే, ఇత్తడి చెంబు ఒకటో ఇంటి నుంచి బయల్దేరుతుంది. ఇంట్లోవాళ్ళు సరే అనుకుంటే ఒక గులకరాయి వేసి పక్కింటికి ఇవ్వాలి. అనుకోకపోతే, అనుకునేదాకా చెంబు వాళ్ళింట్లోనే ఉంటుంది. ఎవరూ తొందరపెట్టకూడదు, అడగనూ కూడదు. ఈ ఆచారం ఎవడు పెట్టాడో గాని వాడి ఇంట్లో చావు మంచం మీద ఎవరూ లేరని మాత్రం చెప్పగలను. ముప్ఫై తొమ్మిదో సూది.

రోజు 4,030

చెంబు మూడు రోజుల్లో ఇరవై రెండు ఇళ్ళు దాటింది. ఇంత మంచివాళ్ళనుకోలేదు. ఇరవై మూడో ఇంట్లో ఆగింది.

అది రవణమ్మ ఇల్లు. ఆమె మొగుడికి ఊపిరి మిషను పెట్టి ఉంది.

రోజు 4,034

చెంబు ఇంకా రవణమ్మ ఇంట్లోనే ఉంది. నాలుగు రోజులు. ఆ గుమ్మం ముందు నుంచి రోజుకు పదిసార్లు తనిఖీ నెపంతో నడిచాను. లోపల మిషను బుస్సు బుస్సుమంటోంది. నా పెళ్ళాం చెవి కోసం ఆమె మొగుడి ఊపిరి అడుగుతున్నాను. తప్పని తెలుసు, అయినా నడక మానలేకపోయాను.

నర్సమ్మని సూది రెండు రోజులు ఆపమన్నాను. "రొండు రోజులాపితే సెవి నిలబడదు బాబూ, జబ్బు మాత్రం లేసి కూకుంటాది" అంది. ఈ రోజు నలభై ఆరోది. ఇంటికొచ్చి అసిరి వెనక నిలబడి చెంచా కింద పడేశాను. తిరిగి చూసింది. "పరీచ్చలెడతన్నావా?" అంది. ప్రాణం లేచొచ్చింది.

రోజు 4,036

రవణమ్మే ఇంటికొచ్చింది. కొంగులో ముడేసిన గులకరాయి చూపించింది.

"రోజూ కొంచెం కొంచెం మిషన్ ఆపి అలవాటు సేయించాను బావూ. నిన్న పావుగంట ఓర్సుకున్నాడు. ఇప్పుడెయ్యగలను" అంది. "అప్పసెల్లెల్ల మాట. ఇనాల."

ఆమెను మనసులో ఎన్ని తిట్టుకున్నానో ఆమెకు తెలియదు. రెండు చేతులెత్తి దండం పెట్టాను.

రోజు 4,039

నిన్న సాయంత్రం చెంబు ముప్ఫై ఆరు రాళ్ళతో తిరిగొచ్చింది. ఉదయం పది గంటలకు గౌరునాయుడు గంట కొట్టించాడు. మా మెయిన్ ముందే ఆపి పెట్టెకు బ్యాటరీ తగిలించాను, మిగతా ముప్ఫై అయిదు మెయిన్లూ ఒకదాని వెంట ఒకటి పడిపోయాయి. ఫ్యాన్లు ఆగాయి. ఈ కొండలోకి వచ్చాక మొదటిసారి నిశ్శబ్దం అంటే ఏమిటో విన్నాను. గాలి కోసం అందరూ తలుపులు తీసి నడవలోకి వచ్చి కూర్చున్నారు. మా గుమ్మం ముందే సగం వరస ఉంది. రవణమ్మ మొగుడు ఆమె భుజానికి ఆనుకుని నోరు తెరిచి ఊపిరి తీస్తున్నాడు.

టేపు పెట్టాను. రొద లేదు. పిసరు కూడా లేదు.

"అసిరీ. నాను పోలిని" అంది స్పీకరు, గదిలో కూర్చుని చెప్పినంత స్పష్టంగా.

అసిరి కళ్ళు స్పీకరు మీదే ఉన్నాయి. ముఖంలో ఏ మార్పూ లేదు. వాల్యూమ్ పెంచాను. ఆమె చిన్నగా తల ఊపింది. కానీ పోలమ్మ మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకున్నప్పుడు కూడా ఊపుతూనే ఉంది. ఇంకా పెంచాను. ఇంకా. చివరిదాకా తిప్పాను. నడవ గోడల మీద పోలమ్మ గొంతు కొట్టుకుని తిరిగి వస్తోంది, అసిరి మాత్రం అదే తీరున తల ఊపుతోంది. అప్పుడు అర్థమైంది. చెవి పోయింది. ఎప్పుడో పోయింది. వరసంతా తన కోసం రాళ్ళు వేస్తోందని నాకు చెప్పకుండా దాచింది.

ఆపి ఉండాల్సింది. చెయ్యి రాలేదు. పోలమ్మ ఏమందో వరసంతా విన్నది, అసిరి తప్ప.

"జాబితా నీ సేతిలో ఉండీది. రొండో బండికి రమ్మన్నావు. రొండో బండి రాదని తెల్సే రమ్మన్నావు, అది నాకు నడస్తన్నప్పుడు తెల్సింది. మీ బావ మూడోనాడు ఎండలో పడిపోనాడు. నా కూతురు గుంట నా బుజం మీదే పోయింది, ఇంకా నీల్లడుగుతన్నాదనుకుని నాను నడస్తానే ఉన్నాను. ఏటా నీ టేపులు వస్తన్నాయి. మన్నించమంటావు. ఇక్కడందరికీ నాకు సెల్లి నేదని, సచ్చిపోయిందని సెప్పుకున్నాను. సచ్చిపోయినోలు మాటలు పంపరు అసిరీ. ఇంక పంపకు."

మిగతాదంతా పేర్లు. దారిలో పడిపోయిన వాళ్ళ పేర్లు, ఒక్కొక్కటే, తొందరపడకుండా. మా ఊరివాళ్ళవే అన్నీ. గుమ్మం ముందు కూర్చున్నవాళ్ళందరూ అసిరి జాబితాలో మొదటి బండి ఎక్కినవాళ్ళే. తమ బదులు నడిచినవాళ్ళ పేర్లు వింటూ ఒక్కరూ కదల్లేదు. గౌరునాయుడు తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

టేపు అయిపోయింది. అసిరి నా వైపు, వాళ్ళ వైపు చూసింది.

"అందరూ అలా కూకున్నారేటి? మావా, అప్ప ఏటందీ?" తన గొంతు తనకు వినబడదు కాబట్టి అరిచినట్టు అడిగింది. "నాకు సెవి నాలుగు రోజులై ఇనబడ్డం నేదు. సెబితే సెంబు ఆపీస్తారని సెప్పలేదు. నువ్వు ఇన్నావు కదా. ఏటందీ?"

పలక తీసి రాశాను: మన్నించాను అంది.

గుమ్మం ముందున్నవాళ్ళకు అది కనబడింది. ఎవరూ కాదనలేదు. అసిరి పలకను గుండెకు ఆనించుకుని ఏడ్చింది. నడవలో ఫ్యాన్లు ఒక్కొక్కటే మళ్ళీ తిరగడం మొదలెట్టాయి.

రోజు 4,040

ఇది రాయకపోతే ఈ పుస్తకం రాసి ఉపయోగం లేదు.

రెండో బండి రాదని అసిరికి తెలియదు. తెలిసినవాణ్ణి నేను. ఆ రోజు రెండు బండ్లకూ ఛార్జింగు పెట్టింది నేనే. పొద్దున్నే చూశాను, రెండో బండి బ్యాటరీ చచ్చిపోయింది. చెబితే జనం మొదటి బండి మీద పడి తొక్కుకు చస్తారని నోరు మూసుకున్నాను. అలా నాకు నేను చెప్పుకున్నాను. నిజం ఏమిటంటే, చెబితే అసిరి తన చోటు అప్పకిచ్చి దిగిపోయేది. తన సంగతి నాకు తెలుసు.

పదకొండేళ్ళుగా పక్కన పడుకుని ఆ మాట చెప్పలేదు. టేపు వచ్చినప్పుడు ఇన్ని వైర్లు మార్చింది ఆమె కోసమేనా, పోలమ్మకు నా సంగతి తెలిసిపోయిందేమోనన్న భయమా, నాకే తెలియదు. పోలమ్మకు తెలియలేదు. నా తప్పంతా చెల్లెలి పేరు మీదే మోస్తోంది.

ఇప్పుడు చెప్పాలంటే పలక మీద రాయాలి. గొంతుతో చెబితే కళ్ళు మూసుకుని చెప్పొచ్చు. రాస్తే ఆమె ఒక్కో అక్షరం చదువుతుంటే ఎదురుగా నిలబడాలి.

రాయలేదు.

రోజు 4,045

యాభై ఏడో సూది. ఊపిరి బాగుందని నర్సమ్మ అంది. అరవై అయ్యాక దూరం ప్రయాణం చేయొచ్చునట.

అసిరి ఆ పలక తుడవనివ్వడం లేదు. మిగతా మాటలన్నీ నేను బొగ్గుతో గోడ మీద రాస్తున్నాను. వరసలో ఎవరూ నోరు విప్పలేదు. ఆడవాళ్ళు వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చుని పోతున్నారు. ఎండిన గోతుల్లో తలా ఒక గ్లాసు నీళ్ళు పోస్తున్నారని తనిఖీలో చూశాను. ఈ సారి చూసే రాశాను.

ఈ రోజు పొద్దున్న తనిఖీ ముగించి ఇంటికొస్తే అసిరి గుడ్డలు మూట కడుతోంది. రవణమ్మ కుట్టిచ్చిన సంచీ పక్కన ఉంది. ఎక్కడికని చేత్తో అడిగాను.

"తలుపులు తీడానికి ఇరవయ్యిరెండు రోజులే కదా. మొదటి బండికే తూర్పు కొండకెల్దుం" అంది, వరసంతా వినేలా. ఆ ముఖంలో అంత వెలుగు పెళ్ళినాడు కూడా చూడలేదు. "నువ్వూ రావాల మావా. అప్ప గుమ్మంలో నిలబడి ఏటన్నా నాకినబడదు. నువ్వే పక్కనుండి రాసి సూపించాల."

సరేనని తల ఊపాను.